చూరు కింది సుద్దగీత

రాజుగారికి తమ్ముళ్ళుండటం ఆయన ఖర్మ. ఆ తమ్ముళ్ళలో ఒకాయనకి మా ఊరి కోట రాసివ్వడం మాత్రం మా ఖర్మ. పెద్దాయనకి దేశం వచ్చింది. రెండో ఆయనకి ఉత్తరాదిన గొర్రెలు తిరిగే కొండలన్నీ వచ్చాయి. ఆఖరివాడైన మా డ్యూక్‌గారికి బిరుదొకటి, కారే కప్పున్న కోట ఒకటి, వెంట తిరిగే తిండిపోతుల మంద ఒకటి వచ్చాయి. ఆ మందకి కోటలో చోటు చాలదు. చాలకపోతే ఎక్కడ పడుకుంటారు? మా ఇళ్ళలో.

డ్యూక్‌గారు వచ్చే ముందు రోజు ఒక మనిషి గుర్రమేసుకుని వచ్చేవాడు. పేరు టాలీ. నడుముకి ఒక సంచి, సంచి నిండా సుద్దముక్కలు. ఆల్డ్‌మియర్ వీధులన్నీ తిరిగి తలుపు తలుపుకీ గీతలు పెట్టేవాడు. మనిషికొక నిలువు గీత, గుర్రానికొక సున్నా. ఆ గీత పడ్డాక మన మంచం మనది కాదు, మన గాదె మనది కాదు. డ్యూక్‌గారు ఊరు దాటేదాకా దాన్ని చెరిపితే నేరం. ఆయన ఊరు దాటిన మరుక్షణం ఆడవాళ్ళందరం తడిగుడ్డలు పుచ్చుకుని వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. అందరికంటే ముందు పరిగెత్తేది మా వదిన హావిస్.

నా పేరు ఎమ్మట్. గొడ్డు కొవ్వు కాచి కొవ్వొత్తులు పోస్తాను. హావిస్ మా అన్న వారిన్ పెళ్ళాం. వాళ్ళింటికీ నా కొట్టుకీ మధ్య ఒక్కటే గోడ, అదీ పల్చటి మట్టిగోడ. అందుచేత ఆవిడ అరిచినవన్నీ నేను విన్నాను. అరవనివి చాలా తక్కువ.

ఆవిడ ఏటి దిగువన నీటి మర నడిపేవాళ్ళ అమ్మాయి. మా ఇంటికి కాపరానికి వచ్చినప్పుడు బండి మీద పెద్ద రాగి కాగు ఒకటి తెచ్చుకుంది. బట్టలు ఎన్ని తెచ్చుకుందో నాకు గుర్తు లేదు గానీ ఆ కాగు మాత్రం గుమ్మంలో పట్టక ద్వారబంధం ఒక పక్క చెక్కాల్సి వచ్చింది. ఆ కాగులో బార్లీ బీరు కాచేది. చుట్టుపక్కల అలాంటి బీరు లేదు. తలుపు మీద ఆకుల కొమ్మ వేలాడదీసిందంటే కొత్త బీరు దిగిందన్నమాట. అది చూసి మా వీధి మగవాళ్ళు చేస్తున్న పని ఎక్కడిదక్కడే వదిలేసి వచ్చేవాళ్ళు. ఇంకో సుఖం కూడా ఉండేది. ఆ ఇంటి మేడగది వీధి మీదికి బాగా పొడుచుకొచ్చి ఉంటుంది. ఎంత వాన కురిసినా ఆ చూరు కింద నిలబడితే చినుకు తగలదు. మా ఊళ్ళో ఎండ ఎన్నాళ్ళు ఉంటుందో అందరికీ తెలిసిందే, కాబట్టి ఆ చూరు కింద ఎప్పుడూ ఎవడో ఒకడు నిలబడి ఉండేవాడు. నిలబడ్డవాడు ఊరికే ఎలా ఉంటాడు, లోపలికొచ్చి ఒక లోటా తాగేవాడు.

బీరు బాగుంటే అదొక తంటా. టాలీ వచ్చినప్పుడల్లా ఆ తలుపు మీద మిగతా ఇళ్ళ కంటే ఎక్కువ గీతలు పడేవి.

"ఏమయ్యా టాలీ, ఇన్ని గీతలేంటి? నువ్వు తోలుకొచ్చేది మనుషుల్నా, మేకల్నా?" అని మా వదిన నడుం మీద చేతులు పెట్టుకుని అడిగేది.

"నన్నేం చెయ్యమంటావమ్మా? హావిస్ ఇల్లయితేనే పడుకుంటాం అని వాళ్ళే కొట్టుకుంటారు."

"అయితే ఈసారి నుంచి పుల్లటి బీరు కాస్తాను. చచ్చినట్టు వేరే ఇల్లు చూసుకుంటారు."

"కాయలేవులే అమ్మా," అనేవాడు టాలీ నవ్వుతూ.

నిజమే, కాయలేదు. పని పాడుచెయ్యడం ఆవిడకి చేతకాదు. తిట్టుకుంటూ మంచి బీరే కాచేది. మళ్ళీ గీతలు పడేవి.

అలా పడ్డ గుర్తుల్లోని ఒక సున్నా మా అన్నని తన్నింది. డ్యూక్‌గారి పరివారంలో ఎవడిదో గుర్రం, పెరట్లో కట్టేశారు. మా అన్న దానికి నీళ్ళు పెట్టబోతే గుండెల మీద తన్నింది. పొద్దున తన్నితే సాయంత్రానికి పోయాడు. డ్యూక్‌గారు ఎంతో బాధపడి జింక తొడ ఒకటి పంపించారు. "దీన్నేం చేసుకోను? మీ అన్న బదులు పక్కలో పడుకోబెట్టుకోనా?" అని మా వదిన దాన్ని వీధిలోకి విసిరేసింది. కుక్కలు తిన్నాయి. అప్పటి నుంచీ ఆవిడకి గుర్రమంటే పడదు.

ముగ్గురు కొడుకులు మిగిలారు. ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. దేశమంతా పెద్దకొడుక్కి ఇల్లిస్తారు. మా ఊళ్ళో అలా కాదు, ఆఖరివాడికిస్తాం. పెద్దవాళ్ళు ముందు ఎదుగుతారు, పని నేర్చుకుంటారు, తలో దిక్కూ పోతారు. చిన్నవాడు పొయ్యి దగ్గర మిగిలిపోయి ముసలివాళ్ళకి గంజి కాచిపోస్తాడు. కాబట్టి ఇల్లు వాడిది. "పెద్దోడికి తోవ, చిన్నోడికి గూడు" అని మా ఊళ్ళో ఊయలలోని పిల్లలకి కూడా తెలిసిన మాట.

పెద్దవాడు జెర్వేజ్ ఆ తోవ పట్టుకునే పొరుగూరు పోయి బట్టలు తొక్కే పనిలో చేరాడు. ఉచ్చ పోసిన తొట్లలో నిలబడి ఉన్నిబట్ట గట్టిపడేదాకా రోజంతా తొక్కాలి. వాడొస్తే వాడికంటే ముందు వాడి వాసన వచ్చేది. పాపం, మంచి పిల్లాడే. రెండోవాడు హేమో తోవ పట్టుకుని డ్యూక్‌గారి దగ్గరికి పోయాడు. డ్యూక్‌గారి మనుషులంతా భుజం మీద తగరంతో చేసిన కొంగబిళ్ళ కుట్టుకుంటారు. హేమో ఆ కొంగ కుట్టుకుని సముద్రం దాటి ఫ్రాన్సు పోయాడు. ఆ తర్వాత వాడి గురించి ఏ కబురూ లేదు. ఉన్నాడంటే ఎక్కడున్నాడు, పోయాడంటే ఎవరు చూశారు? మా వదిన మొదట్లో వచ్చేపోయేవాళ్ళందర్నీ అడిగేది. తర్వాత అడగడం మానేసింది. బీరు కాయడం మానలేదు.

ఇక మిగిలింది చిన్నవాడు డ్రూ. మా వదిన ప్రాణమంతా వాడి మీదే. వాణ్ణి ఆ కొంగ ఎత్తుకుపోకూడదు, అంతే. ఇంకే కోరికా లేదావిడకి. దేవుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఇదొక్కటే అడిగేది. పల్చటి గోడ కదా, అదీ వినబడేది.

ఆ వెధవకేమో కొంగ కనపడితే చాలు, కళ్ళు అప్పగించేసేవాడు. ఇంట్లో దిగిన సిపాయిల కత్తులు తుడిచేవాడు, బూట్లకి నా కొట్లోంచి కొవ్వు ఎత్తుకుపోయి రాసేవాడు.

"ఒరేయ్, నీకు గూడుందిరా. గూడున్నోడు కొంగ వెంట పోవటమేంట్రా? గతిలేనోళ్ళు పోతారు," అనేది మా వదిన.

"నేనెక్కడికి పోతానమ్మా? చూట్టం కూడా తప్పేనా?"

"తప్పే! మీ అన్న కూడా మొదట చూట్టమే చూశాడు."

"ఇల్లు నాదని తెలుసుగా. ఇల్లొదిలి ఎవడు పోతాడు?" అనేవాడు. ఆ ఒక్క మాటకి ఆవిడ మెత్తబడేది. ఆ ఇల్లే వాడికి కట్టుతాడు.

ఇలా ఉండగా ఒక రోజు వాన పట్టుకుంది. డేగ వేటకి పోయిన డ్యూక్‌గారు తడిసి ముద్దయి, కోటదాకా పోలేక, అందరూ చేసే పనే చేశారు. మా వదిన చూరు కింద నిలబడ్డారు. నిలబడ్డవాడు ఊరికే ఎలా ఉంటాడు? లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. అప్పుడే మా వదిన డ్రూకి నిత్యపారాయణ చేస్తోంది, చిన్నోడికి గూడు, గూడున్నోడు ఎక్కడికీ పోడు అని. ఎవరొచ్చారో చూసుకోలేదు.

"చిన్నోడికి గూడేమిటమ్మా?" అని అడిగారు డ్యూక్‌గారు.

మా వదిన తుళ్ళిపడింది. బీరు పోసి, ఆచారమంతా చెప్పింది. ఆయన విని, ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, పగలబడి నవ్వారు.

"భలే ఊరమ్మా మీది! ఈ లెక్కన నేను మీ ఊళ్ళోనే పుట్టుంటే ఈపాటికి రాజుని!"

వానకి లోపలికొచ్చిన మా ఊరి మగవాళ్ళంతా నవ్వారు. డ్యూక్‌గారు నవ్వితే నవ్వక చస్తారా? డ్రూ అయితే ఉబ్బితబ్బిబ్బయిపోయి, లోటా ఎత్తి, "చిన్నోడికే గూడు!" అని కేకేశాడు. అందరూ లోటాలెత్తారు. మా వదిన ఒక్కత్తే నవ్వలేదు. వాన తగ్గాక డ్యూక్‌గారు వెళ్ళిపోయారు. ఆయన తాగిన లోటా కడుగుతూ ఆవిడ నాతో అంది: "ఎమ్మట్, పెద్దోళ్ళు హాస్యమాడితే మన నెత్తి మీద పడుద్దే. చూస్తూ ఉండు."

"నీకంతా భయమే వదినా. నోటి మాటేగా," అన్నాను నేను. నా మొహం.

ఆయన చెడ్డవాడు కాదు. అదే మా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని, ఉమ్మేసి, మన పని మనం చూసుకునేవాళ్ళం. ఈయన వీధిలో పోతూ పిల్లల్ని పలకరిస్తాడు, ముసలమ్మల్ని ఆరోగ్యమెలా ఉందని అడుగుతాడు. అడిగి ఏం లాభం? ఆయన అడుగు పెట్టిన చోట గడ్డి మొలవదు.

ఆ కేక ఊళ్ళో పట్టుకుంది. ఎవడు లోటా ఎత్తినా "చిన్నోడికే గూడు!" పెళ్ళిలో అదే, సంతలో అదే. అందరికంటే గట్టిగా అరిచేది మా డ్రూ. మా వదిన కర్రపుల్ల పుచ్చుకుని వెంటపడేది. ఇంతలో డ్యూక్‌గారికీ రాజుగారికీ చెడింది. దేనికయ్యా అంటే, ఒక ధనవంతురాలైన వితంతువుని ఈయన చేసుకుంటానన్నాడు, ఆయన వద్దన్నాడు. ఇంత మాత్రానికి అన్నదమ్ములు మొహాలు చూసుకోవడం మానేశారు. ఒకాయన సైన్యం పోగేస్తున్నాడన్నారు, ఇంకొకాయన వంతెనలు మూయించాడన్నారు. ఆ వేళప్పుడు మా ఊరి సంతకి ఉన్ని కొనడానికొచ్చిన ఎవడో పరాయివాడు డ్రూ కేక విన్నాడు. రాజుని దించి తమ్ముణ్ణి ఎక్కించాలని ఆల్డ్‌మియర్లో బాహాటంగా అరుస్తున్నారని పోయి చెప్పాడు. రాజుగారి భటులు వచ్చి డ్రూని కాలికి గొలుసేసి పట్టుకుపోయి, ఊరి సావిడి కింద కొట్లో పడేశారు. రుజువైతే ఉరి.

ఆంబోతులు కొట్టుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు అంటారే, అదే. కాకపోతే ఇక్కడ ఇంకో చోద్యం జరిగింది. లేగ కాలు విరిగేలోపలే ఆంబోతులు రెండూ ఒకదాన్నొకటి నాక్కోవడం మొదలెట్టాయి. వితంతువు ఇంకెవర్నో చేసుకుంది. ఇక పోట్లాటకి ఏముంది? అన్నదమ్ములు కావలించుకుని ఏడ్చారట. డ్యూక్‌గారికి తన మీద అనుమానం పోగొట్టుకోవాలి కదా, అందుకని ఆల్డ్‌మియర్లో విచారణకి వచ్చే న్యాయాధికారులతో తానూ కూర్చుంటానన్నారు. కూర్చున్నారు!

సావిడిలో బల్ల వెనక ముగ్గురు. మధ్యలో జలుబుతో తుమ్ముతున్న ముసలి న్యాయాధికారి. ఎడమ పక్క నిద్రపోతున్న ఇంకొకాయన. కుడి పక్క డ్యూక్‌గారు, ఒళ్ళో చిన్న కుక్క. ఎదురుగా మా ఊరి పన్నెండుమంది పెద్దలు. వాళ్ళు ప్రమాణం చేసి ఎవరి తప్పో చెప్పాలి. ఆ పన్నెండుమందిలో సగంమంది ఆ వానరోజు మా వదిన ఇంట్లో లోటాలెత్తినవాళ్ళే. మా వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు నాకు చాలా రోజులున్నాయి.

"ఈ కేక మొదట వేసిందెవరు?" అని అడిగాడు న్యాయాధికారి.

పన్నెండుమందీ కాళ్ళకేసి చూసుకున్నారు. చివరికి వాళ్ళలో పెద్దవాడు, కసాయి ఆస్‌బెర్న్, గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు మొదలెట్టారో చెప్పటం కష్టం దొరా. ఆ రోజు వాన పడుతోంది."

కుక్క చెవి గోకుతున్న డ్యూక్‌గారి చెయ్యి ఆగింది. తర్వాత మళ్ళీ గోకడం మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచి, నవ్వులాటకి అన్నానండీ, ఈ పిల్లాడికేం తెలీదండీ అంటే ఆయన సొమ్మేం పోయింది? పోతుంది లెండి, తల పోతుంది. దాన్ని కాపాడుకోవడానికేగా ఆ పక్కన కూర్చున్నది.

"మొదట అన్నది నేనే," అన్నాడు డ్రూ.

"ఒరే వెధవా!" అని నేను అరిచాను. భటుడొకడు నన్ను నోర్ముయ్యమన్నాడు. ఆ పిల్లాడు ఆ మాట అంటూ డ్యూక్‌గారికేసి చూశాడు చూడండి, పండగ రోజు చర్చిలో బలిపీఠం మీది దేవుణ్ణి చూసినట్టు. తన ప్రాణమిచ్చి ఆయన్ని కాపాడుతున్నాడట. ఆయన కుక్కకేసి చూస్తున్నాడు.

మా వదిన నా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళింది.

"దొరా, వాడన్నది నా ఇంటి సంగతండీ. రాజ్యాల సంగతి కాదు. ఒక కాగు, రెండు పందులు, మేడగది. చిన్నోడు కాబట్టి అది వాడిది. మా ఊళ్ళో అందరూ అనే మాటేనండీ."

న్యాయాధికారి ముక్కు తుడుచుకున్నాడు. "అన్నుండగా తమ్ముడికి ఇల్లేమిటమ్మా? ఇదేం ఆచారం? ఈ ఆచారం ఉన్నంతకాలం ఆ మాట ఉంటుంది. మాట ఉన్నంతకాలం ఎవడో ఒకడు దాన్ని సింహాసనం దాకా మోసుకుపోతూనే ఉంటాడు."

మా వదిన నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తోందంటేనే నాకు భయం.

"ఆచారం తీసేస్తే మావాడి మెడ మిగులుద్దా దొరా?"

"అన్నకే ఇల్లని ఊరంతా ఒప్పుకుంటే ఆ మాట ఉట్టి వదరుబోతు మాట. వదరుబోతుల్నందర్నీ ఉరెయ్యాలంటే తాళ్ళెక్కడున్నాయి? కానీ అడగాల్సింది నేను కాదు. ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళు అడగాలి."

"ఇల్లున్నదాన్ని నేను అడుగుతున్నా. నా తర్వాత నా ఇల్లు నా పెద్దకొడుకు జెర్వేజ్‌ది. చిన్నోడికి దాన్లో ఏమీ లేదు." గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పింది.

పన్నెండుమంది పెద్దల్ని అడిగారు. తాతల నాటి ఆచారం, దాన్ని తీసెయ్యాలంటే ఎంత తర్జనభర్జన జరగాలి? కన్ను మూసి తెరిచేలోపల ఒప్పేసుకున్నారు. ఎందుకొప్పుకోరు, వాళ్ళలో చాలామంది ఇల్లు దక్కని పెద్దకొడుకులే! డ్రూ కాలి గొలుసు విప్పేశారు. నిద్రపోతున్నాయన లేచి, అయిపోయిందా అని అడిగాడు.

బయటికొచ్చాక డ్యూక్‌గారు మా దగ్గరికి వచ్చారు. వచ్చి డ్రూ భుజం మీద చెయ్యేశారు.

"నీకూ ఇల్లు పోయింది కదరా. మనిద్దరం ఒకటే, చిన్నకొడుకులం. నాతో వచ్చెయ్యి."

"మీకు ఇల్లు లేకపోవటమేంటి దొరా? కోటుందిగా," అంది మా వదిన. ఆవిడ తప్ప ఆ మాట ఇంకెవరూ అనేవాళ్ళు కాదు.

ఆయన నవ్వారు గానీ ఈసారి పగలబడి కాదు. "మా అన్నయ్య ఇచ్చాడమ్మా. కోపమొస్తే తీసేసుకుంటాడు. ఈ మధ్య ఒకసారి తీసేసుకున్నాడు కూడా." పక్కనున్న భటుడి భుజం మీది కొంగబిళ్ళ ఊడబెరికి డ్రూ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆయన దృష్టిలో అది దయ. బాకీ తీర్చుకున్నాననే అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చాక గోడవతల నేను విన్నదిది.

"వెళ్ళకురా. మీ అన్న నిన్ను తరిమెయ్యడు. జెర్వేజ్ అలాంటోడు కాదు."

"తరమడమ్మా. కానీ వాడికి పెళ్ళాం, ఆరుగురు పిల్లలు. నేను మూల కూర్చుని వాళ్ళ గంజి తాగనా?"

"తాగు! తాగితే ఏమైంది?"

"గూడున్నోడు కొంగ వెంట పోడని నువ్వేగా అన్నావ్ ఇన్నాళ్ళూ. ఇప్పుడు నాకు గూడెక్కడుందమ్మా?"

నేను చెవి గోడకి ఆనించి ఆవిడ ఏమంటుందా అని ఎదురుచూశాను. ఆవిడ కాపరానికొచ్చాక ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. మెడ మిగల్చడానికి ఏది ఇచ్చేసిందో, వాణ్ణి ఇంట్లో కట్టిపడేసిన తాడు అదే. ఆ కొంగబిళ్ళని వాడి భుజానికి కుట్టిపెట్టింది కూడా ఆవిడే. వాడు కుట్టుకుంటే వంకరగా వచ్చిందట. "ఏ పనీ సరిగ్గా చేతకాదు, నీ మొహానికి కొలువొకటి," అని తిడుతూ కుట్టింది.

జెర్వేజ్ బండెడు సామానుతో దిగాడు. వాడి తప్పేముంది, ఇరవై ఏళ్ళు తొట్లలో నానినవాడు. వాడి పెళ్ళాం రాగానే కాగు ఈ మూల నుంచి ఆ మూలకి జరిపింది. మా వదిన మళ్ళీ ఇటు జరిపింది. ఆ కాగు అలా ప్రయాణాలు చేస్తూనే ఉంది.

డ్యూక్‌గారు మళ్ళీ వస్తున్నారని తెలిసింది. గీతలు పెట్టేవాడు వీధి మొదట్లో దిగాడని అరుపులు వినబడి నేను బయటికొచ్చి చూస్తే, టాలీ కాదు. టాలీకి మోకాళ్ళు పట్టేశాయట. నడుముకి ఆ పాత సుద్దసంచే, కొంగబిళ్ళ భుజాన తిన్నగా ఉంది. మా డ్రూ! ఏ ఇంట్లో ఎన్ని మంచాలున్నాయో, ఎవరి కొట్టంలో ఎంత గడ్డుందో వాడికంటే తెలిసినవాడెవడు? అందుకే వాణ్ణి పెట్టుకున్నారు. మా ఊళ్ళో పుట్టినవాడే మా తలుపుల మీద గీతలు పెడుతున్నాడు. రొట్టెలమ్మే ఆవిడ వాడి మొహం మీదే శాపనార్థాలు పెట్టింది. నేనూ పెట్టాను. "నీ చెయ్యి పడిపోనూ! అత్త ఇంటికి కూడా రెండు గీతలా?" అన్నాను. "మీ మంచం పెద్దదిగా అత్తా," అన్నాడు. అదీ తెలుసు వెధవకి.

చివరికి ఆ చూరు కిందికి వచ్చాడు. మా వదిన గుమ్మంలో నిలబడి ఉంది, నడుం మీద చేతులు. ఆ గుమ్మం వాడిదే అవ్వాల్సింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఎన్నిరా?" అంది.

వాడు సుద్దముక్క తీసి తలుపు మీద ఒక్క గీత గీశాడు.

"ఒకటేనా? ఎవడంట ఆ మహారాజు?"

"నేనే అమ్మా."

ఆవిడ ఆ గీతకేసి చూసింది. "గుర్రం?"

"రొట్టెలమ్మే వాళ్ళింట్లో కట్టేశా. నీకు పడదుగా."

"ఒక్క గీత ఏ మూలకి నీ తిండికి? చిన్నప్పట్నుంచి చూస్తున్నానుగా. రెండు గియ్యి," అని లోపలికి తిరిగి కోడలిమీద అరవడం మొదలెట్టింది, ఉప్పుచేపలు దించమని, బఠాణీ జావ పొయ్యి మీద పెట్టమని, ఇంతసేపు ఏం చేస్తున్నారని. వాడు రెండో గీత గియ్యలేదు. నవ్వుతూ లోపలికెళ్ళాడు. చిన్నవాడు తన ఇంట్లో పడుకోవాలంటే తనే సుద్దతో రాసుకోవాల్సి వచ్చింది, చూశారా మా ఊరి భాగ్యం!

గీతలు పెట్టేవాడు ముందొస్తాడు, ముందే పోతాడు. డ్యూక్‌గారు కోటలో దిగకముందే డ్రూ పైఊరి తలుపుల మీద గీతలు పెట్టడానికి వెళ్ళిపోవాలి. తెల్లారగానే వెళ్ళిపోయాడు. మా వదిన వీధి మలుపు దాకా వాడి వెనకే తిట్టుకుంటూ వెళ్ళింది, మెడకి గుడ్డ కట్టుకోలేదని.

తర్వాత డ్యూక్‌గారు వచ్చారు, ఆయన మంద తినాల్సింది తిన్నది, వెళ్ళిపోయారు. ఆడవాళ్ళందరం తడిగుడ్డలతో వీధిలోకి పరిగెత్తాం. నేను నా తలుపు కసిదీరా తోమేసి పక్కకి చూస్తే, మా వదిన గుమ్మంలో ఊరికే నిలబడి ఉంది. చేతిలో గుడ్డ లేదు. తలుపు మీద ఆ ఒక్క గీత అలాగే ఉంది.

"వదినా, గుడ్డ లేదా? నేను చెరపనా?" అని వెళ్ళబోయాను.

"నీ పని నువ్వు చూసుకో ఎమ్మట్," అంది. "వానొస్తుందిగా, అదే పోద్ది."

వాన రాకేం, ఆ సాయంత్రమే వచ్చింది. వారం పాటు కురిసింది. ఆ చూరు కింద మాత్రం చినుకు పడదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.